తూటాలో బుల్లెట్ ఏది?

ఎక్కడైనా కాల్పులు జరిగితే టీవీలో తప్పకుండా కనిపించే దృశ్యం ఒకటుంది. రోడ్డు మీద సుద్దతో సున్నా చుట్టి ఉంటుంది. అందులో వేలెడంత కూడా లేని ఇత్తడి గొట్టం. చేతికి తొడుగు వేసుకున్న పోలీసు దాన్ని జాగ్రత్తగా ఎత్తి కవర్లో వేస్తాడు. తెర కింద 'ఘటనా స్థలంలో ఐదు బుల్లెట్లు స్వాధీనం' అని అక్షరాలు పరుగెడతాయి. చూస్తున్న వాళ్ళకు ఒక సందేహం వస్తుంది. బుల్లెట్ దూసుకుపోయింది కదా, మరి కింద పడున్నదేమిటి?

న్యాయమైన సందేహమే. కింద పడున్నది బుల్లెట్ కాదు. బుల్లెట్ గోడలోనో, శరీరంలోనో, ఎక్కడో దూరాన మట్టిలోనో ఉంటుంది. పోలీసు ఎత్తింది దాన్ని అంతవరకూ పట్టి ఉంచిన ఖాళీ గొట్టాన్ని. తెలుగులో రెంటినీ తూటా అనో బుల్లెట్ అనో అనేస్తాం. మాటల్లో అది చెల్లిపోతుంది, సందర్భాన్ని బట్టి వినేవాళ్ళు అర్థం చేసుకుంటారు. అదే సంగతి ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఆ భాషలో ఆ వస్తువు మొత్తానికి ఒక పేరు, దానిలోని ఒక్కో భాగానికి ఒక్కో పేరు ఉన్నాయి. ఒక పేరు బదులు ఇంకో పేరు రాస్తే జరిగిన సంగతే మారిపోతుంది. ఇంగ్లీషు పత్రికకు వార్త పంపే విలేకరికి, కోర్టు కాగితాలు అనువదించే వారికి, చరిత్ర పరీక్ష రాసే విద్యార్థికి ఈ తేడా కావాలి. పేర్లను బట్టీ పట్టనక్కర్లేదు. ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో తెలిస్తే చాలు, ఏ మాట ఎక్కడ రాయాలో దానంతటదే తెలుస్తుంది.

కాయ, గింజ, పొట్టు

వేరుశనగ కాయను తలచుకోండి. కాయ మొత్తం కార్ట్రిడ్జ్. లోపలి గింజ బుల్లెట్. ఒలిచాక మిగిలే పొట్టు కేస్. అరుగు మీద పొట్టు కుప్ప కనిపిస్తే అక్కడ గింజలు ఉన్నాయని ఎవరూ అనరు, ఎవరో కూర్చుని తిన్నారని అనుకుంటారు. ఎన్ని కాయలు ఒలిచారో పొట్టును బట్టి లెక్క కట్టవచ్చు. కాల్పులు జరిగిన చోట ఖాళీ కేసులు చెప్పేది సరిగ్గా ఇదే. ఇక్కడ నిలబడి కాల్చారు, కనీసం ఇన్నిసార్లు కాల్చారు. అందుకే ఐదు ఖాళీ కేసులు దొరికినప్పుడు 'ఫైవ్ బుల్లెట్స్' అని రాస్తే, కాల్చిన చోటు కాస్తా తగిలిన చోటైపోతుంది. చదివేవాడు దర్యాప్తును తలకిందులుగా అర్థం చేసుకుంటాడు.

వేరుశనగలో లేనివి కార్ట్రిడ్జ్‌లో మరో రెండున్నాయి. ఒకటి మందు, ఇంగ్లీషులో పౌడర్ లేదా ప్రొపెల్లెంట్. రెండోది కేసు అడుగున బిగించిన చిన్న లోహపు గిన్నె. దెబ్బ తగిలితే మండే రసాయనం అందులో ఉంటుంది. దాని పేరు ప్రైమర్. ఈ నాలుగూ ఒకచోట కూడితేనే లైవ్ కార్ట్రిడ్జ్, అంటే పేల్చడానికి సిద్ధంగా ఉన్న తూటా.

ట్రిగ్గర్ నొక్కితే తుపాకీలోని సూది ప్రైమర్ మీద కొడుతుంది. అక్కడ పుట్టిన నిప్పు సన్నని రంధ్రం గుండా మందుకు అంటుకుంటుంది. మందు క్షణంలో వెయ్యోవంతు గడిచేలోగా వేడి వాయువుగా మారిపోతుంది. మామూలు 9 మి.మీ. పిస్టల్‌లోనే అప్పుడు పుట్టే ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 2 వేల రెట్లు దాటుతుంది. ఆ ఒత్తిడికి ఇత్తడి కేసు ఉబ్బి తుపాకీ గోడలకు అంటుకుపోతుంది, వాయువు వెనక్కి రాకుండా అడ్డుపడుతుంది. ఇక వాయువుకు దారి ముందుకే. బుల్లెట్‌ను నెట్టుకుంటూ పోతుంది. తుపాకీ గొట్టం లోపల మెలికలుగా చెక్కిన గాళ్ళు బుల్లెట్‌ను ఒరుసుకుని గిర్రున తిప్పుతాయి. ఆ తిరుగుడు వల్లే అది గాలిలో పల్టీలు కొట్టకుండా తిన్నగా పోతుంది. బుల్లెట్ బయటపడగానే ఒత్తిడి తగ్గుతుంది, ఇత్తడి కొద్దిగా ముడుచుకుంటుంది. అప్పుడు తుపాకీలోని కొక్కెం కేసును లాగి బయటికి విసురుతుంది. 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం కలిపిన ఇత్తడిని కేసులకు ఎంచుకున్నది సాగి మళ్ళీ ముడుచుకునే ఆ గుణం కోసం కూడా.

ఈ వరుస తెలిస్తే కొన్ని తప్పులు రాయమన్నా రాయలేం. 'బుల్లెట్ పేలింది' అన్న తెలుగు వాక్యాన్ని యథాతథంగా ఇంగ్లీషులోకి దించి 'ది బుల్లెట్ ఎక్స్‌ప్లోడెడ్' అని రాస్తుంటారు. మామూలు బుల్లెట్ సీసపు ముద్ద, పైన రాగి తొడుగు. అందులో పేలేదేమీ లేదు. నిజానికి మందు కూడా బాంబులో మాదిరి పేలదు, చాలా వేగంగా మండుతుంది, అంతే. పొగ రాకుండా మండే మందును 1884లో ఫ్రాన్సులో పాల్ వియే తయారుచేశాడు. బ్రిటిష్‌వాళ్ళు 1889లో తెచ్చుకున్న కార్డైట్ కూడా ఆ కోవలోదే. నీలగిరుల్లోని అరువంకాడులో నడుస్తున్న కార్డైట్ ఫ్యాక్టరీ పేరు ఆ మందు నుంచి వచ్చిందే.

పోలీసు స్టేషన్‌లోనో గోదాములోనో మంటలు లేచినప్పుడు 'బుల్లెట్లు పేలి దూసుకొచ్చాయి' అన్న వార్త వస్తుంది. అక్కడా జరిగేది వేరు. తుపాకీ గొట్టం చుట్టూ లేకపోతే వాయువుకు ఒకే దారి ఉండదు, కేసు చీలిపోతుంది. బుల్లెట్ బరువైనది కాబట్టి అంతగా కదలదు, చీలిన ఇత్తడి ముక్కలే ఎగిరి గాయపరుస్తాయి. ఇంగ్లీషులో దాన్ని 'కార్ట్రిడ్జెస్ బర్స్ట్ ఇన్ ది ఫైర్' అని రాయాలి.

కొరికింది కాగితాన్ని

తెలుగులో పాతకాలం నుంచీ మందుగుండు అన్న మాటలోనే రెండు వస్తువులున్నాయి. మందు వేరు, గుండు వేరు. భర్మార్ తుపాకీలో ఇప్పటికీ అవి వేరుగానే ఉంటాయి. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరతారు. మన్యంలో పోలీసులకు దొరికిన ఆయుధాల జాబితాల్లో ఏకే 47, ఎస్ఎల్ఆర్, ఇన్సాస్ రైఫిళ్ళ పక్కన భర్మార్ తుపాకులు కూడా ఉంటాయి. వాటికి కార్ట్రిడ్జ్ ఉండదు. 'భర్మార్ కార్ట్రిడ్జ్' అని రాస్తే లేని వస్తువు గురించి రాసినట్టే.

మందునూ గుండునూ ఒకే పొట్లంలో కట్టడమే కార్ట్రిడ్జ్‌కు మొదలు. 1857లో ఉత్తరాదిని కుదిపేసింది అలాంటి కాగితపు పొట్లమే. ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు వాడే ఆ పొట్లంలో ఒక కొసన మందు, రెండో కొసన బుల్లెట్ ఉండేవి. బుల్లెట్ గొట్టంలోకి జారడానికి ఆ వైపు కాగితానికి కొవ్వు పూసేవారు. సిపాయి మందు ఉన్న కొసను పళ్ళతో కొరికి చించాలి, మందు గొట్టంలో పోయాలి, బుల్లెట్‌ను కాగితంతో సహా దింపి కూరాలి. ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అన్న అనుమానం హిందూ, ముస్లిం సిపాయిలను ఒక్కటిగా కదిలించింది. ఏప్రిల్ 24న మీరట్ కవాతులో 90 మందికి కార్ట్రిడ్జులు ఇవ్వబోతే 85 మంది తీసుకోలేదు. మే 9న వాళ్ళకు సంకెళ్ళు వేశారు, మర్నాడే తిరుగుబాటు రేగింది.

పరీక్ష పేపర్లలో 'సిపాయిస్ రిఫ్యూజ్డ్ టు బైట్ ది బుల్లెట్స్' అని రాస్తే రెండు తప్పులు. కొరకాల్సింది బుల్లెట్‌ను కాదు, కార్ట్రిడ్జ్ కాగితాన్ని. పైగా 'బైట్ ది బుల్లెట్' అంటే ఇంగ్లీషులో కష్టాన్ని పంటి బిగువున ఓర్చుకోవడం, ఆ అర్థం ఇక్కడ బొత్తిగా కుదరదు. 'గ్రీజ్డ్ కార్ట్రిడ్జెస్' అన్నది సరైన మాట. ప్రైమర్ అప్పటికి పొట్లంలో చేరలేదు. నిప్పు పుట్టించే చిన్న టోపీని విడిగా తుపాకీకి తొడిగేవారు. సైనిక రైఫిళ్ళకు నాలుగు భాగాలూ ఒక లోహపు గొట్టంలోకి చేరింది ఆ తర్వాతే.

డమ్మీ, బ్లాంక్, లైవ్

ఈ మూడింటి మధ్య తేడాను పాటించక ఒక ప్రాణం పోయింది. దాన్ని కాస్త నిదానంగా చెప్పాలి.

బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ 1993లో అమెరికాలోని విల్మింగ్టన్‌లో 'ది క్రో' సినిమాలో నటిస్తున్నాడు. వయసు 28. ఒక సన్నివేశంలో రివాల్వర్‌ను దగ్గరగా చూపించాలి. ముందు నుంచి చూస్తే రివాల్వర్ చక్రంలో బుల్లెట్ల కొసలు కనిపిస్తాయి కాబట్టి ఖాళీగా పెడితే కుదరదు. దానికి వాడేది డమ్మీ. చూడటానికి అచ్చం కార్ట్రిడ్జ్. బుల్లెట్ ఉంటుంది, మందు ఉండదు, ప్రైమర్ కూడా పనిచేయనిదై ఉండాలి. ఆ షూటింగులో అసలు కార్ట్రిడ్జుల నుంచి మందు తీసేసి, బుల్లెట్లు తిరిగి బిగించి డమ్మీలు తయారుచేశారు. ప్రైమర్లను మాత్రం అలాగే వదిలేశారు. ఎప్పుడో ఎవరో ట్రిగ్గర్ నొక్కారు. ప్రైమర్ ఒక్కటే మండింది. ఆ కొద్దిపాటి ఒత్తిడికి బుల్లెట్ కేసు నుంచి ఊడి, గొట్టంలోకి దూరి, బయటపడే బలం లేక మధ్యలో ఇరుక్కుంది. ఎవరూ గమనించలేదు.

కొన్నాళ్ళకు అదే రివాల్వర్‌తో కాల్చే సన్నివేశం. ఈసారి బ్లాంక్ వేశారు. బ్లాంక్‌లో మందు ఉంటుంది, ప్రైమర్ ఉంటుంది, బుల్లెట్ ఉండదు. చప్పుడు, మెరుపు వస్తాయి, దూరంగా ఉన్నవాళ్ళకు ప్రమాదం లేదు. మార్చి 31న నటుడు బ్రాండన్ లీ వైపు గురిపెట్టి కాల్చాడు. గొట్టంలో ఇరుక్కున్న బుల్లెట్ వెనక నుంచి బ్లాంక్‌లోని మందు వాయువు వచ్చింది. డమ్మీ నుంచి బుల్లెట్, బ్లాంక్ నుంచి మందు, రెండూ ఆ గొట్టంలో కలిసి ఒక లైవ్ కార్ట్రిడ్జ్ చేసే పని చేశాయి. కడుపులో గాయంతో అతను అదే రోజు చనిపోయాడు.

ఈ ఘటన గురించి 'బ్లాంక్ బుల్లెట్ తగిలి మరణించాడు' అని రాసినవి కనిపిస్తాయి. బ్లాంక్ అంటేనే బుల్లెట్ లేనిదని అర్థం, కాబట్టి 'బ్లాంక్ బుల్లెట్' అన్న మాట నిలబడదు. అదొక్కటే కాదు, ఆ మాట అసలు కారణాన్ని కప్పేస్తుంది. తప్పు జరిగింది డమ్మీ తయారీలో, గొట్టం తనిఖీ చేయకపోవడంలో. 2021 అక్టోబరులో న్యూ మెక్సికోలో 'రస్ట్' సినిమా చిత్రీకరణలో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది వేరే కారణంతో. అక్కడ డమ్మీ ఉండాల్సిన చోట లైవ్ కార్ట్రిడ్జ్ ఉంది. రెండు మరణాలనూ 'షూటింగులో తుపాకీ ప్రమాదం' అని ఒకే గాట కడితే, మూడో మరణాన్ని ఆపడానికి ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

త్రీ నాట్ త్రీ అన్న మాట తెలియని తెలుగువాడు ఉండడు. .303 అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో వెయ్యింట 303 వంతులు. దాన్నే కాలిబర్ అంటారు. గాళ్ళు చెక్కకముందు కొలిచిన కొలత అది. గాళ్ళలోకి ఒత్తుకోవాలి కాబట్టి బుల్లెట్ అంతకంటే కొంచెం లావుగా, .311 అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే కాలిబర్‌ను కొలతగా కంటే పేరుగా చూడటం మేలు. .38 స్పెషల్ రివాల్వర్ బుల్లెట్ నిజానికి .357 అంగుళాలే.

ఎస్ఎల్ఆర్‌ను 7.62 అంటారు, ఏకే 47ను కూడా 7.62 అంటారు. ఒకదాని కార్ట్రిడ్జ్ ఇంకోదానిలో పట్టదు. ఎస్ఎల్ఆర్‌ది 7.62×51, ఏకేది 7.62×39. రెండో అంకె కేసు పొడవు, మిల్లీమీటర్లలో. 'రికవర్డ్ 7.62 ఎంఎం అమ్యూనిషన్' అని ఆపేస్తే అవి ఏ తుపాకీవో చెప్పనట్టే. 1948 జనవరి 30న గాంధీజీ మీద కాల్చిన బెరెట్టా పిస్టల్‌ను 9 మి.మీ. అని రాస్తారు. అది 9×17. ఇప్పుడు పోలీసులు వాడే 9 మి.మీ. 9×19, మరింత బలమైనది. పేరులో తొమ్మిది ఒకటే అయినంత మాత్రాన వస్తువు ఒకటి కాదు.

12 బోర్ తుపాకీ దగ్గర లెక్క తలకిందులవుతుంది. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు తూచితే ఒక పౌను వస్తుంది, అందుకే 12 బోర్. ఆ గొట్టం వెడల్పు సుమారు 18.5 మి.మీ. 20 బోర్‌లో పౌనుకు ఇరవై గుండ్లు, కాబట్టి గొట్టం సన్నం. అంకె పెరిగితే తుపాకీ చిన్నదవుతుంది. మన దగ్గర, బ్రిటన్‌లో బోర్ అంటారు, అమెరికావాళ్ళు గేజ్ అంటారు. '12 కాలిబర్' అని రాస్తే మాత్రం తప్పు.

బరువు దగ్గర ఇంకో గుంట ఉంది. బుల్లెట్ బరువును ఇంగ్లీషు పుస్తకాల్లో గ్రెయిన్లలో చెబుతారు. పౌనుకు 7,000 గ్రెయిన్లు. 124 గ్రెయిన్ల బుల్లెట్ అంటే 8 గ్రాములు. దాన్ని 124 గ్రాములని రాస్తే పిస్టల్ బుల్లెట్ పదిహేను రెట్లు బరువెక్కుతుంది. గ్రెయిన్ అంటే మందు పలుకుల లెక్క కూడా కాదు, బరువే.

రౌండ్, షెల్, పెల్లెట్

'మూడు రౌండ్లు కాల్పులు జరిపారు' అని తెలుగు పత్రికల్లో చదువుతాం. చాలామంది దాన్ని మూడు విడతలుగా కాల్చారని అర్థం చేసుకుంటారు. ఇంగ్లీషులో ఒక రౌండ్ అంటే ఒక కార్ట్రిడ్జ్. మూడు రౌండ్లంటే మూడు తూటాలు పేలాయి. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో 1,650 రౌండ్లు కాల్చినట్టు కాల్పులకు ఆజ్ఞ ఇచ్చిన డయ్యర్ స్వయంగా విచారణ జరిపిన హంటర్ కమిటీ ముందు చెప్పాడు. కాల్చినవాళ్ళు 50 మంది. మనిషికి సగటున 33 తూటాలు. కూడిన జనం మీద, బయటికి పోయే దారులు ఇరుకైన చోట 1,650 బుల్లెట్లు. ఆ రౌండ్ అనే మాటను విడత అనుకున్నవాడికి ఆ అంకెలోని ఘోరం తెలియదు.

షెల్ అన్న మాట మరీ ప్రమాదకరం. యుద్ధ వార్తల్లో షెల్ అంటే ఫిరంగి నుంచి వచ్చే బోలు గుండు, లోపల నిజంగా పేలే పదార్థం ఉంటుంది. 1999లో కార్గిల్ కొండల మీద బోఫోర్స్ ఫిరంగులు కాల్చిన 155 మి.మీ. షెల్ ఒక్కోటి 40 కిలోలు దాటుతుంది. అమెరికా వాడుకలో షాట్‌గన్ కార్ట్రిడ్జ్‌నూ, పిస్టల్ ఖాళీ కేసునూ కూడా షెల్ అంటారు. హైదరాబాద్ వీధిలో రెండు ఇత్తడి గొట్టాలు దొరికితే 'టూ షెల్స్ ఫౌండ్' అని రాయడం మంచిది కాదు. ఫైర్డ్ కార్ట్రిడ్జ్ కేసెస్ అంటే ఎవరికీ అనుమానం రాదు.

పెల్లెట్‌కు కూడా రెండు ముఖాలున్నాయి. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో మందు లేదు, ప్రైమర్ లేదు, కేసు లేదు. బిగబట్టిన గాలి అరగ్రాము సీసపు పెల్లెట్‌ను నెడుతుంది. అక్కడ బుల్లెట్ అని రాయకూడదు. అదే నగరం అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఎయిర్ పిస్టల్‌తోనూ, 25 మీటర్ల పిస్టల్‌తోనూ పతకాలు తెచ్చింది. మొదటిదానిలో పెల్లెట్, రెండోదానిలో .22 కార్ట్రిడ్జ్. ఒకే క్రీడాకారిణి, ఒకే పోటీలు, రెండు మాటలు.

కాశ్మీరులో 2016లో వందలమంది కళ్ళు దెబ్బతీసిన 'పెల్లెట్ గన్' ఎయిర్ రైఫిల్ కాదు. అది 12 బోర్ షాట్‌గన్. ఒక్క కార్ట్రిడ్జ్‌లో వందల చిన్న గుళ్ళు ఉంటాయి, బయటికి రాగానే విచ్చుకుని వెదజల్లుకుపోతాయి. గురి చూసిన మనిషికే తగులుతాయన్న భరోసా లేదు. పెల్లెట్ అన్న మెత్తని మాట విని దాన్ని ఆటవస్తువుగా ఊహించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అది ఏ రకం తుపాకీయో ఒక్క మాట చేర్చి రాయడం బాధితులకు రాసేవాళ్ళు చేయగల కనీస న్యాయం.

వచనం, స్పెల్లింగుల గురించి రెండు మాటలు. 'ఆర్మ్స్ అండ్ అమ్యూనిషన్స్' మన ఇంగ్లీషులో పాతుకుపోయిన తప్పు, అమ్యూనిషన్‌కు బహువచనం లేదు. మ్యునిషన్స్‌కు ఉంది, దాని అర్థం మరింత విశాలం. 2021 అక్టోబరు 1న ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలను విడగొట్టినప్పుడు పుణెలో ఏర్పడిన సంస్థకు మ్యునిషన్స్ ఇండియా అని పేరు పెట్టారు. ఎద్దుమైలారంలోని మెదక్ ఫ్యాక్టరీ పేరులో ఉన్నది ఆర్డ్‌నెన్స్, అంటే ఆయుధ సామగ్రి. మధ్యలో ఒక 'ఐ' చేరిస్తే అది గవర్నరు జారీచేసే ఆర్డినెన్స్ అయిపోతుంది.

కేసుల మీద మిగిలే గుర్తులు

1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చి చంపారు. నేల మీద 70 ఖాళీ కేసులు దొరికాయి. కాల్విన్ గాడర్డ్ అనే నిపుణుడు వాటిని సూక్ష్మదర్శిని కింద పక్కపక్కన పెట్టి పోల్చాడు. సూది కొట్టిన చోటా, కొక్కెం లాగిన చోటా ఇత్తడి మీద గీతలు పడతాయి. ఒక తుపాకీ గీతలు ఇంకో తుపాకీ గీతల్లా ఉండవు. ఆ 70లో 50 ఒక థాంప్సన్ తుపాకీవి, 20 మరోదానివి అని అతను తేల్చాడు. అదే ఏడాది డిసెంబరులో ఒక నేరస్థుడి ఇంట్లో దొరికిన తుపాకులు ఆ రెండేనని నిరూపించాడు. ఇవాళ హైదరాబాద్‌లోని ఫోరెన్సిక్ ప్రయోగశాలలు చేసే పరీక్షకు మూలం ఆ పద్ధతే. బుల్లెట్ మీద గొట్టం గాళ్ళ గుర్తులు, కేసు మీద సూది గుర్తు. అవి రెండు వేర్వేరు సాక్ష్యాలు. రివాల్వర్ అయితే కేసులను బయటికి విసరదు, చక్రంలోనే ఉంచుకుంటుంది. కాబట్టి ఖాళీ కేసులు దొరకలేదంటే కాల్పులు జరగలేదని కాదు.

చట్టంలోనూ ఈ తేడాకు బరువుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా లైవ్ కార్ట్రిడ్జ్ ఒక్కటి దగ్గరుంచుకున్నా నేరమే. విమానాశ్రయంలో పాత సంచి అడుగున దొరికిన ఒక్క కార్ట్రిడ్జ్‌తో చిక్కుల్లో పడ్డవాళ్ళు ఉన్నారు. అలాంటి మనిషి గురించి 'బుల్లెట్స్ సీజ్డ్' అని తేలిగ్గా రాసేస్తే, దొరికింది పేల్చగలిగేదా, ఖాళీదా, ఒకటా, పదా అన్నది చదివేవాళ్ళకు తెలియకుండా పోతుంది.

ఇంగ్లీషులో వార్త రాసే మిత్రులకు నా మనవి ఇది. స్టేషన్ నుంచి సమాచారం అందినప్పుడు మరో మూడు ప్రశ్నలు అడగండి. లైవా, పేల్చినదా? మొత్తం కార్ట్రిడ్జా, ఖాళీ కేసా, బుల్లెట్టా? ఏ తుపాకీకి పట్టేది? జవాబు రాకపోతే బుల్లెట్ అని ఊహించి రాయకండి, 'అమ్యూనిషన్' అని రాసి ఊరుకోండి.